నీళ్లు తేటబడ్డాయి, గుర్రపుడెక్క మాత్రం పోలేదు

నదుల్లో, కాలువల్లో, చెరువుల్లో నత్రజని, భాస్వరం పేరుకుపోవడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

అంబర్‌పేట, నాగోలు దగ్గర మురుగుశుద్ధి కేంద్రాలు నడుస్తూనే ఉన్నాయి. బీఓడీ తగ్గిందని లెక్కలు కూడా చెబుతున్నారు. మూసీలో గుర్రపుడెక్క మాత్రం తగ్గడం లేదు. శుద్ధి జరగడం లేదా, లెక్కలే తప్పా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

లెక్కలు నిజమే అయినా గుర్రపుడెక్క పెరుగుతుంది. బీఓడీ చెప్పేది ఒక్క సంగతే: నీళ్లలో కుళ్లే పదార్థం ఉంది కదా, దాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలి అని. ఆ పదార్థం కుళ్లిపోయినంత మాత్రాన దానిలోని నత్రజని, భాస్వరం ఎక్కడికీ పోవు. రూపం మార్చుకుని నీళ్లలోనే ఉంటాయి. పేడ చివికితే కంపు పోతుంది, సారం పోదు కదా. ఇదీ అంతే.

మనిషి ఒంట్లోంచి రోజుకు సుమారు 10 గ్రాముల నత్రజని, ఒకటి రెండు గ్రాముల భాస్వరం బయటికి పోతాయి. నత్రజనిలో ఎక్కువ వంతు మూత్రంలోనే ఉంటుంది. నగరం మొత్తానిది కలిసి డ్రైనేజీలో పడి ప్లాంటుకు చేరుతుంది. అంబర్‌పేటలోని పాత ప్లాంటు 339 ఎంఎల్‌డీది, అంటే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. అది యూఏఎస్‌బీ పద్ధతి మీద కట్టింది. గాలి తగలని తొట్టెలో మురుగు కిందినుంచి పైకి పారుతుంటే సూక్ష్మజీవులు దాన్ని తిని గ్యాస్ వదులుతాయి. కరెంటు ఖర్చు తక్కువ, బీఓడీ బాగానే తగ్గుతుంది. అయితే మాంసకృత్తుల్లోని నత్రజని అక్కడ అమ్మోనియాగా మారి నీళ్లతోపాటు బయటికి వచ్చేస్తుంది. భాస్వరంలో కొంచెం బురదలో చిక్కుతుంది, మిగిలింది నదిపాలే.

ఆ పరిమాణం నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాముల భాస్వరం మిగిలిందనుకుందాం. రోజుకు సుమారు వెయ్యి కిలోలు అవుతుంది. డీఏపీలో అసలు భాస్వరం దాదాపు ఐదోవంతు కాబట్టి, ఇది రోజూ వంద బస్తాల డీఏపీని మూసీలో గుమ్మరించడంతో సమానం. నత్రజని లీటరుకు 20 మిల్లీగ్రాములు మిగిలితే రోజుకు దాదాపు 330 బస్తాల యూరియా. గుర్రపుడెక్కకు ఇంతకంటే ఏం కావాలి!

నత్రజనిని తీయాలంటే రెండు దశలు దాటాలి. మొదట గాలి బాగా పట్టించి అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చాలి. నీళ్లలో ప్రాణవాయువు లీటరుకు 2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని మారడానికి ఏడు మిల్లీగ్రాముల పైచిలుకు క్షారగుణం ఖర్చవుతుంది, అది చాలకపోతే పని మధ్యలో ఆగిపోతుంది. తర్వాత ఆ నీళ్లను గాలి లేని తొట్టెలోకి వెనక్కి తిప్పి, పచ్చి మురుగుతో కలపాలి. అప్పుడు నైట్రేట్ నత్రజని వాయువై గాలిలో కలుస్తుంది. కొత్తగా వస్తున్న ఎస్‌బీఆర్ ప్లాంట్లలో ఈ రెండూ ఒకే తొట్టెలో వంతులవారీగా చేయొచ్చు, కాకపోతే గాలి ఆపే సమయాన్ని టైమర్‌లో సరిగ్గా పెట్టుకోవాలి. భాస్వరానికి తేలికైన మార్గం పటిక. ఒక మిల్లీగ్రాము భాస్వరానికి ఆచరణలో 15 నుంచి 20 మిల్లీగ్రాముల పటిక పడుతుంది. భాస్వరం గాలిలోకి పోయే సరుకు కాదు. ప్లాంటు దాటాలంటే బురదగానే దాటాలి. బురదను తీయకుండా తొట్టెల్లోనే ఉంచితే పట్టుకున్నది మళ్లీ నీళ్లలోకి వదిలేస్తుంది. మన దగ్గర తరచూ జరిగే తప్పు ఇదే.

మరి ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు? 2017 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన ఎస్టీపీ (మురుగుశుద్ధి కేంద్రం) ప్రమాణాల్లో నత్రజనికి గానీ భాస్వరానికి గానీ పరిమితి లేదు. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రైబ్యునల్ లీటరుకు మొత్తం నత్రజని 10, భాస్వరం 1 మిల్లీగ్రాము దాటకూడదని కఠినమైన అంకెలు చెప్పింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో 351, 2022లో 311 నదీభాగాలు కలుషితమని జాబితాలు ఇచ్చింది. ఆ జాబితాల కొలమానం కూడా బీఓడీయే. జాబితా చిన్నదైనంత మాత్రాన నదుల్లో ఎరువు తగ్గిందనుకోకూడదని మా గట్టి అభిప్రాయం.

మూసీ కత్వ (చిన్న ఆనకట్ట) కింద మూడెకరాల వరి మాది. బోర్ల కింద వాళ్లకంటే యూరియా తక్కువే వేస్తాం. అయినా పైరు ఏపుగా పెరిగి, ఈనిన తర్వాత పడిపోతోంది. తాలు కూడా ఎక్కువే. తెగులా?
– ఒక రైతు, యాదాద్రి భువనగిరి జిల్లా

తెగులు కంటే ముందు నీళ్లను అనుమానించండి. యాసంగి వరికి మీరు పెట్టే నీళ్లు మొత్తం ఒక మీటరు లోతు అనుకుంటే ఎకరాకు 40 లక్షల లీటర్లు. ఆ నీళ్లలో లీటరుకు 10 మిల్లీగ్రాముల నత్రజని ఉంటే ఎకరాకు 40 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20.7 కిలోల నత్రజని కనుక, మీరు చేత్తో చల్లకపోయినా కాలువే రెండు బస్తాలు చల్లినట్టు. పైగా విడతలుగా కాదు, పంటకాలం పొడుగునా. పొట్టదశలో నత్రజని ఆగాల్సింది ఆగదు. ఆకు ముదురాకుపచ్చగా, మెత్తగా ఉండి దోమపోటును రమ్మని పిలుస్తుంది. కాండం బరువు ఆపలేక పడిపోతుంది.

మడిలోకి నీళ్లు దిగేచోట మూడుసార్లు, అంటే నాటిన వారానికి, పిలకల దశలో, అంకురం దశలో నీళ్లు పట్టి అమ్మోనియా, నైట్రేట్ రెండూ పరీక్ష చేయించండి. ఒక్క నైట్రేటే చూస్తే మోసపోతారు. మురుగునీళ్లలో ఎక్కువగా ఉండేది అమ్మోనియా. రెండూ కలిపి నత్రజనిగా లీటరుకు 8–10 మిల్లీగ్రాములు దాటితే నాటేటప్పటి యూరియా మానేయండి. తర్వాత ఆకురంగు పట్టికతో చూసి, రంగు 4 కంటే తగ్గితేనే కొద్దిగా వేయండి. పొటాష్ మాత్రం మానొద్దు. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి ఆడి దోమ తగ్గుతుంది. బోరు నీళ్లు అందుబాటులో ఉంటే అంకురం దశ నుంచి వాటికి మారడం ఇంకా మేలు. మడిలో దిగినప్పుడు చేతులకు, కాళ్లకు పుండ్లు ఉంటే జాగ్రత్త, ఈ నీళ్లలో సారంతోపాటు రోగకారక క్రిములూ ఉంటాయి.

మా ఊరి బోరు నీళ్లలో నైట్రేట్ 9 అని ఒక ల్యాబ్, 40 అని ఇంకో ల్యాబ్ ఇచ్చాయి. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

రెండూ ఒకటే అయి ఉండొచ్చు. నైట్రేట్‌లోని నత్రజనిని మాత్రమే లెక్కించి చెప్పేది ఒక పద్ధతి, నైట్రేట్ మొత్తం బరువు చెప్పేది ఇంకో పద్ధతి. మొదటిదాన్ని 4.43తో గుణిస్తే రెండోది వస్తుంది. 9 × 4.43 అంటే 39.9. మన తాగునీటి ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు, అది నైట్రేట్‌గా లెక్కించినది. అంటే మీ బోరు హద్దుకు దగ్గర్లో ఉంది. పసిబిడ్డలకు డబ్బాపాలు ఈ నీళ్లతో కలపకండి. కాచితే నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

డెల్టా రైతులు వేసే ఎరువు వల్లే డ్రెయిన్లు, నది పాడవుతున్నాయంటున్నారు. మేం డబ్బు పెట్టి కొన్న ఎరువు పైరే తీసుకుంటుంది కదా?
– ఒక రైతు, కృష్ణా జిల్లా

నిలవనీళ్లలో చల్లిన యూరియాలో వరి తీసుకునేది దాదాపు 30–40 శాతమే. తక్కినదంతా నదిలో కలుస్తుందనడం మాత్రం తప్పు. ఈ లెక్క జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే నత్రజనిది ఒక దారి, భాస్వరానిది వేరే దారి.

మడిలో చల్లిన యూరియా రెండు మూడు రోజుల్లో అమ్మోనియాగా మారుతుంది. మధ్యాహ్నం ఎండలో నీటిలోని పాచి బొగ్గుపులుసు వాయువును లాగేసుకోవడంతో నీళ్ల పీహెచ్ పైకి పోతుంది. ఆ పూట అమ్మోనియా గాలిలోకి ఎగిరిపోతుంది. ఇంకొంత మడి ఆరి తడిసినప్పుడల్లా నైట్రేట్‌గా మారి, మళ్లీ వాయువై పోతుంది. మిగిలినదాంట్లో కొంత మట్టిలో నిలుస్తుంది. చల్లిన రెండు మూడు రోజుల్లో వాన పడి గట్టు పొర్లితేనో, మీరే తూము తీస్తేనో డ్రెయిన్ పాలయ్యేది పెద్ద మొత్తమే. నల్లరేగడి మడుల్లో నీరు నిలిచి ఉంటుంది కాబట్టి నైట్రేట్ కిందికి దిగేది తక్కువ. ఎర్రనేలల్లో బోర్ల కింద మిరప, మొక్కజొన్న వేసి యూరియా కుమ్మరించే చోట్ల భూగర్భజలంలోకి ఇంకేది ఎక్కువ. అది ఏళ్ల తరబడి భూమిలో నడిచి వాగుల్లో ఊటగా తేలుతుంది.

భాస్వరం అలా కాదు. బంకమట్టి రేణువును కరుచుకుని కూర్చుంటుంది. మట్టి కదిలితేనే అదీ కదులుతుంది. ఆఖరి దమ్ములో డీఏపీ వేసి, నాట్లకు నీళ్లు పలచన కావాలని ఆ బురదనీళ్లను ఆ రోజే బోదెలోకి వదిలేస్తే, వేసిన డీఏపీలో కొంత ఎర్రనీళ్లతో వెళ్లిపోతుంది. ఈ ఒక్క అలవాటు మానితే చాలా వరకు ఆపొచ్చు. డీఏపీ వేయకముందే నీటిమట్టం సరిచేసుకోండి. వేశాక మూడు నాలుగు రోజులు తూము మూసి ఉంచండి.

యూరియా వేసేటప్పుడు నీళ్లు తీసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీళ్లు పెట్టండి. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి గానీ, 250 కిలోల తేమమట్టి గానీ కలిపి రెండు రోజులు మాగబెడితే ఇంకా మంచిది. పైపాటుగా డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు చల్లకండి. భాస్వరం వేరుకు అందదు, పైన పాచి పెంచుతుంది. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని వచ్చిన పొలాల్లో మోతాదు తగ్గించినా దిగుబడి తగ్గదు.

తప్పంతా రైతు మీద వేయడం న్యాయం కాదు. 2010లో పోషకాల ఆధారంగా సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను దాని బయటే ఉంచారు. 45 కిలోల బస్తా రూ. 266.50కి దొరుకుతుంటే, చేతికి ముందు వచ్చేది అదే.

మా వనామీ రొయ్యల చెరువు నీళ్లు చూడ్డానికి పచ్చగా ఉంటాయంతే, విషమేమీ కలపం. డ్రెయిన్‌లోకి వదిలితే నష్టమేంటి?
– ఒక ఆక్వా రైతు, భీమవరం

ఒక టన్ను రొయ్య తీశారనుకోండి. ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందనే లెక్క) 1.5 అయితే టన్నున్నర మేత వేశారు. మేతలో 35 శాతం మాంసకృత్తులు. వాటిని 6.25తో భాగిస్తే నత్రజని. టన్నున్నర మేతలో 84 కిలోలు. పట్టిన రొయ్యతో బయటికి వెళ్లింది దాదాపు 29 కిలోలు. తక్కిన 55 కిలోలు మీ చెరువులోనే వదిలారు, రెండున్నర బస్తాల యూరియా కంటే ఎక్కువ. భాస్వరం ఇంకా అన్యాయం. మేతలో 1.2 శాతం ఉంటే 18 కిలోలు వేసి, రొయ్యలో తీసుకెళ్లేది మూడు కిలోలు. ఒక టన్నుకే ఇది. ఎఫ్‌సీఆర్ 1.5 నుంచి 1.3కి దిగితే మిగిలే నత్రజనిలో 11 కిలోలు తగ్గుతుంది, మేత డబ్బూ మిగులుతుంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రేలో మేత మిగిలిన పూట కూడా అలవాటు ప్రకారం మొత్తం వేయడమే అసలు జబ్బు.

పట్టుబడి రోజున జాగ్రత్త అవసరం. చెరువు నీళ్లలో పైది కాస్త తేటగానే ఉంటుంది. ఆఖరి పది ఇరవై శాతం నీళ్లలోనే అడుగుబురద లేచి, సరుకంతా అక్కడే ఉంటుంది. పైనీళ్లు ముందు పలకల తూముతో మెల్లగా వదిలి, ఆఖరి నీళ్లను వేరే గుంటలో రెండు మూడు రోజులు తేర్చండి. విస్తీర్ణంలో పదోవంతు ఇందుకు కేటాయించుకుంటే చాలు. ఉప్పునీటి చెరువు బురదను వరిపొలంలో పోయొద్దు, నేల చవుడుబారుతుంది. గట్లకు వాడండి.

కొల్లేటి పక్కన ఉన్నవారికి ఇంకో మాట. బుడమేరు, తమ్మిలేరు, డ్రెయిన్లు తెచ్చినదంతా ఆ సరస్సులో చేరితే, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. నీళ్లు అక్కడ మెల్లగా కదులుతాయి కనుక మీరు వదిలిన ఎరువు పక్క రైతు తోడుకునే నీళ్లలోకే వస్తుంది.

చెరువులో చేపలు తెల్లవారుజామునే ఎందుకు తేలతాయి? ఎవరైనా మందు కలిపారేమోనని మా ఊళ్లో గొడవలు జరుగుతున్నాయి.
– ఒక పాఠకుడు, వరంగల్

పగలు పాచి ప్రాణవాయువు వదులుతుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. పాచి ఎంత దట్టమైతే సాయంత్రం ప్రాణవాయువు అంత ఎక్కువ, తెల్లవారుజామున అంత తక్కువ. వరసగా రెండు రోజులు మబ్బుపడితే పగటి సంపాదన ఉండదు, రాత్రి ఖర్చు ఆగదు. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు డీఓ మీటరు (నీళ్లలోని ప్రాణవాయువును కొలిచేది) పెట్టి చూడండి. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే, పెద్ద చేపలు ముందు, నోళ్లు పైకి పెట్టి తేలుతుంటే గొడవ పడకండి, కారణం అదే. మందు కలిపితే వేళతో పని లేదు, చిన్నాపెద్దా అన్నీ పోతాయి.

ఇక్కడ ఈరీ సరస్సులో ఏటా పచ్చపాచి వస్తోంది. అమెరికా లాంటి దేశమే తగ్గించలేకపోతే మనవల్ల అవుతుందా?
– ఒక తెలుగు పాఠకురాలు, ఒహాయో

ఒకసారి తగ్గించారు, తర్వాత మళ్లీ పెరిగింది. అమెరికా, కెనడా 1972లో ఒప్పందం చేసుకుని, 1978లో దాన్ని సవరించి, సరస్సులో పడే భాస్వరాన్ని ఏటా 11,000 టన్నులకు దించాలనుకున్నాయి. ఎస్టీపీల్లో భాస్వరం తీయడం, సబ్బుపొడుల్లో ఫాస్ఫేట్ తగ్గించడంతో 1980ల్లో ఆ హద్దుకు చేరారు. గొట్టం చివర ఉన్న కాలుష్యం కాబట్టి పని తేలికైంది. భాస్వరం మీదే గురిపెట్టడానికి ఆధారం కూడా ఉంది. 1973లో కెనడాలోని ఒంటారియోలో ఒక చిన్న సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా విడదీశారు. రెండు వైపులా కర్బనం, నత్రజని వేసి, ఒకవైపు మాత్రమే భాస్వరం కలిపారు. ఆ వైపే పచ్చబడింది.

1990ల నడుమ నుంచి పాచి తిరిగి వచ్చింది. ఈసారి కారణం మామీ నది పరీవాహకంలోని పొలాలు. దుక్కి తగ్గించడంతో ఎరువు పైపైనే మిగిలి, వానకు కరిగి, పొలాల్లో ఎక్కువైన నీరు పోవడానికి కింద పరిచిన గొట్టాల గుండా నేరుగా నదిలోకి వెళ్తోంది. మొత్తం భాస్వరం పెద్దగా పెరగకపోయినా కరిగిన భాస్వరం పెరిగింది, పాచికి వెంటనే అందేది అదే. 2014 ఆగస్టులో టొలీడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా రెండు మూడు రోజులు కుళాయి నీళ్లు తాగలేకపోయారు. పాచి వదిలిన మైక్రోసిస్టిన్ విషం కాచితే పోదు. తర్వాత 2008 స్థాయి నుంచి 40 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నారు.

డాన్యూబ్ సంగతి వేరు. 1990 ప్రాంతంలో తూర్పు ఐరోపా ఆర్థిక వ్యవస్థలు కుప్పకూలి ఎరువుల వాడకం పడిపోయింది. కొన్నేళ్లకే నల్లసముద్రం వాయవ్య తీరంలో ప్రాణవాయువు లేని ప్రాంతం బాగా కుదించుకుపోయింది. ఎరువు తగ్గితే నీళ్లు కోలుకుంటాయి. కాకపోతే నేలలో, అడుగుబురదలో పేరుకున్న పాత బాకీ తీరేదాకా ఆగాలి. హుస్సేన్‌సాగర్ లాంటి చోట్ల మురుగు మొత్తం ఆపిన మర్నాటికే నీళ్లు మారవు, అడుగున ఉన్న భాస్వరం కొన్నేళ్లపాటు పైకి వస్తూనే ఉంటుంది.

ఫాస్ఫేట్ లేని బట్టల సబ్బుపొడి వాడితే ఉపయోగమా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

ఉపయోగమే. పాత రకం పొడుల్లో వాడే సోడియం ట్రైపాలీఫాస్ఫేట్‌లో నాలుగోవంతు భాస్వరమే. ఐరోపా సమాఖ్య 2013 నుంచి ఇళ్లలో వాడే బట్టల పొడుల్లో దీన్ని దాదాపు లేకుండా చేసింది. ప్యాకెట్ మీద పదార్థాల పట్టీ చూసి కొనండి.

మా డిగ్రీ విద్యార్థులతో మూసీలో నైట్రేట్, ఫాస్ఫేట్ పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో కొన్నేళ్లపాటు కొలిపించాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక అధ్యాపకుడు, నల్లగొండ

సీసా దగ్గర మొదలుపెట్టండి. ఫాస్ఫేట్ పరీక్ష చెడిపోయేది చాలాసార్లు అక్కడే. సబ్బుపొడితో కడిగిన సీసాలో నది కంటే ఎక్కువ ఫాస్ఫేట్ ఉండగలదు. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగండి. నది దగ్గర ఆ నది నీళ్లతోనే ఇంకో మూడుసార్లు తొలిచి, ప్రవాహం మధ్యలో, పైనుంచి ఒక అడుగు లోతున, ప్రవాహానికి ఎదురుగా సీసా మూతి పెట్టి పట్టండి. ఒడ్డున నిలవ ఉన్న నీళ్లు వద్దు. కరిగిన ఫాస్ఫేట్ కావాలంటే 0.45 మైక్రాన్ల వడపోత అక్కడికక్కడే చేయాలి. ప్రయోగశాలకు తెచ్చాక వడకడితే, దారిలో బురద ఫాస్ఫేట్‌ను పట్టుకోవడమో వదలడమో చేసి ఉంటుంది. ఐస్ పెట్టెలో తెచ్చి 48 గంటల్లోపు పరీక్షించండి. మొత్తం భాస్వరానికి వడకట్టని నమూనా వేరే సీసాలో తీసుకోండి.

ఒకే వంతెన, నెలకోసారి, ఒకే వేళ. దీనికి తోడు వరద రోజుల్లో తప్పనిసరిగా. ప్రతిసారీ ప్రవాహం ఎన్ని క్యూసెక్కులో రాయండి. ఇది లేకపోతే పోకడ తెలియదు. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో ఆ అంకెను క్యూసెక్కులతో, తర్వాత 2.45తో గుణిస్తే రోజుకు ఎన్ని కిలోలు పారిందో వస్తుంది. ఉదాహరణకు ఎండాకాలంలో 200 క్యూసెక్కులు, భాస్వరం 1.5 ఉంటే రోజుకు 735 కిలోలు. వరదలో 10,000 క్యూసెక్కులు, భాస్వరం 0.4 మాత్రమే ఉన్నా 9,800 కిలోలు. లీటరులో ఎంత ఉందన్నది చేపకు, పాచికి ముఖ్యం. రోజుకు ఎన్ని కిలోలన్నది కింద వాడపల్లి దగ్గర కృష్ణలో ఎంత చేరుతుందో చెబుతుంది. రెండింటినీ వేర్వేరు పటాల్లో గీయండి.

కరువు సంవత్సరాన్ని వరద సంవత్సరంతో పోల్చి పెరిగిందనో తగ్గిందనో తేల్చేయకండి. మే నెలను మే నెలతో, ఇంచుమించు ఒకే ప్రవాహమున్న రోజులతోనే పోల్చండి. కనీసం ఐదేళ్లు కాకుండా పోకడ అనే మాట రాయొద్దు, పదేళ్లయితే నమ్మకంగా చెప్పొచ్చు. ఆ తర్వాత రుతువులవారీ మాన్–కెండాల్ పరీక్ష (కొలతల్లో పోకడ ఉందో లేదో తేల్చే గణాంక పద్ధతి) చేస్తే సరిపోతుంది. ఫలితం "దొరకలేదు" అని వస్తే సున్నా అని రాయకండి. ఆ పరికరం కొలవగల కనిష్ఠ విలువ ఎంతో పక్కనే రాసి ఉంచండి, పరికరం గానీ పద్ధతి గానీ మారిన తేదీ కూడా. మూడేళ్ల తర్వాత పుస్తకం తెరిచే విద్యార్థికి, గీత ఒక్కసారిగా ఎందుకు విరిగిందో ఆ తేదీనే చెబుతుంది.